కర్ర పట్టిన చేతే కలం పట్టింది

క్యామోగీ అనే ఆట పేరు మీలో ఎంతమంది విన్నారు? ఐర్లండ్‌లో ఆడవాళ్లు కర్ర, బంతితో ఆడే ఆట. మగవాళ్ల హర్లింగ్‌కి చెల్లెలు లాంటిది. దాని వెనకున్న మనిషి మాయ్రా నీ హినేడా.

1879లో డబ్లిన్‌లో పుట్టింది. నగరం పిల్ల, చుట్టూ అంతా ఇంగ్లీషే. సెలవులకి బాలీవర్నీ అనే పల్లెకి వెళ్లినప్పుడు ఐరిష్ నేర్చుకుంది. అదే భాషలో యూనివర్సిటీ స్కాలర్‌షిప్ కొట్టింది, ఏడాదికి 100 పౌండ్లు!

అప్పటికే హర్లింగ్ మళ్లీ ఊపందుకుంది, కానీ అది మగవాళ్లది. 1903లో గేలిక్ లీగ్ కీటింగ్ శాఖలోని మాయ్రా, కాయ్ట్ నీ డొనహా, వాళ్ల స్నేహితురాళ్లు మాకూ ఒక ఆట కావాలనుకున్నారు. కాయ్ట్ అన్నయ్య, టోర్నా అనే పేరుతో రాసే కవి, రూల్స్‌కి సాయం చేసి పేరు పెట్టాడు. మగవాళ్ల కర్ర కమాన్, చిన్న కర్ర కమోగ్. అందులోంచే క్యామోగీ. 1904 జూలై 17న నావన్‌లో మొదటి పబ్లిక్ మ్యాచ్. పాదాల దాకా స్కర్టులు వేసుకునే పరిగెత్తారు. కీటింగ్ వాళ్లే గెలిచారు. మరుసటి ఏడాది సంఘానికి మాయ్రా మొదటి అధ్యక్షురాలైంది.

తర్వాత ఐరిష్‌లో నాటకాలు రాసింది. 1930లలో బ్లాస్కెట్ దీవికి వెళ్లి పెగ్ సేయర్స్ అనే పెద్దావిడని కలిసింది. పెగ్ గొప్ప కథలు చెప్పేది, కానీ ఐరిష్ రాయడం రాదు. ఎందుకంటే బడిలో నేర్పింది ఇంగ్లీషే. నీ జీవితం చెప్పు, పుస్తకం చేద్దామని మాయ్రా వెంటపడింది. పెగ్ చెబుతుంటే కొడుకు రాశాడు, మాయ్రా ఎడిట్ చేసింది. 1936లో అచ్చయింది. తర్వాత అది ఐర్లండ్ స్కూళ్లలో పాఠ్యపుస్తకం అయ్యింది.

ఇక్కడ నేను ఆగిపోయాను. ఇంట్లో మాట్లాడే భాష రాయడం రాకపోవడం నాకు బాగా తెలుసు. ఇంటర్ దాకా నా తెలుగు కూడా ఇంగ్లీష్ అక్షరాల్లో వాట్సాప్ మెసేజే. ఈ పేజీ టైప్ చేయడానికి రెండు రాత్రులు పట్టింది, ఒత్తులన్నీ మా అమ్మ దిద్దింది.

మాయ్రా 1967లో చనిపోయింది. 2018లో హర్లింగ్, క్యామోగీ రెండూ యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. షార్ట్స్ వేసుకుని ఆడొచ్చని సంఘం ఒప్పుకున్నది మాత్రం మొన్న 2025 మేలోనే! ఆట మొదలై 120 ఏళ్లు దాటాక. అంటే ఆమె మొదలుపెట్టిన పని ఇంకా నడుస్తూనే ఉంది. మన వంతు పని కూడా.