మన్రో దొర: కొలువులో నమ్మకము

మారండహళ్ళి, పాలక్కోడు, ధర్మపురి మొదలగు ఊళ్ళుగల సీమను పూర్వము బారామహల్ అనెడివారు. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పు సుల్తాను దీనిని ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. పన్నుల వసూలుకు ఎవరిని పంపవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు గవర్నర్ జనరల్ కారన్‌వాలీసు చెన్నపట్టణపు సివిలు ఉద్యోగులను కాదని సైనికాధికారులను ఎన్నుకొనెను. ఆ సివిలు దొరలలో పెక్కుమందికి దేశభాషలు రావు. వారికి దుబాసీ చెప్పినదే వేదము. దొర ఉత్తరములు, లెక్కలు, మనసులోని మాట, అన్నియు దుబాసీ గుప్పిటిలో నుండెడివి. అదే యేట చెన్నపట్టణములో హాలండు సోదరుల దుబాసీ అవధానము పాపయ్య, హాలీబర్టన్ అను కంపెనీ ఉద్యోగిపై కుట్ర పన్నిన నేరమునకు విచారింపబడి శిక్షపొందెను. పాపయ్య తెలుగువాడే యని చెప్పుకొనుటకు సంతోషము లేదు.

బారామహలుకు వచ్చిన సైనికాధికారులలో పెద్ద అలెగ్జాండర్ రీడు. ఆయన సహాయకులలో నొకడు థామస్ మన్రో. ఈతడు 1761లో గ్లాస్గో నగరమున ఒక వర్తకుని యింట పుట్టెను. అమెరికా యుద్ధముతో తండ్రి వ్యాపారము చెడగా, 1780లో కంపెనీ సైన్యమున చేరి చెన్నపట్టణము వచ్చెను. 1799 వరకు ఏడేండ్లు ఈ సీమలోనే గడిపెను. ధర్మపురిలో తాను పెంచుకొన్న తోటను విడిచిపోవుట ఆయనకు మిక్కిలి కష్టమైనది.

ఈ సీమలో ఆయనకు ఎదురైన చిక్కు కరణముల లెక్కలు. కరణమునకు యజమానులిద్దరు: సర్కారు ఒకటి, ఊరు ఒకటి. ఏ పొలము ఎవరిది, ఏది దాచిన భూమి, ఏది నిజముగా బీడు, ఇవి కరణమునకు తెలిసినట్లు మరొకరికి తెలియవు. ఉన్నది చెప్పిన ఊరికి ద్రోహి, దాచిన సర్కారుకు ద్రోహి. రీడు, మన్రో పొలము పొలమును కొలిపించి, రైతు రైతుకు వేరువేరుగా శిస్తు కట్టిరి. భూమి కొలతకెక్కిన పిదప కరణము గుట్టునకు విలువ తగ్గెను.

1800లో మన్రో దత్తమండలములకు ప్రధాన కలెక్టరయ్యెను. బళ్ళారి, అనంతపురము, కడప సీమలలో ఏడేండ్లు గుడారములలో తిరుగుచు, ఈ దేశపు ఉద్యోగులచేతనే భూములు కొలిపించెను. ఒకరి కొలతను మరొకరు తనిఖీ చేయునట్లు ఏర్పాటు చేసెను. 1807లో సెలవుపై స్వదేశము వెళ్ళుటకు ముందు, తాను కట్టిన శిస్తు రైతుకు భారమనియు, నూటికి ఇరువదియైదు వంతున తగ్గింపవలెననియు పైవారికి వ్రాసెను. కంపెనీకి ధనము కావలసిన రోజులవి. తన పేరు నిలిపిన పనిలోనే లోపము చూపుట సులభము కాదు. సలహా అప్పుడు చెల్లలేదు. 1820లో తానే గవర్నరైన పిదప ఆ తగ్గింపు అమలులోనికి వచ్చెను.

నమ్మకద్రోహము మాత్రము ఆయన కంట మరల పడెను. 1814లో ఇంగ్లండునుండి తిరిగివచ్చిన పిదప కోయంబత్తూరు వ్యవహారము ఆయన విచారణకు వచ్చినది. కలెక్టరు గారో కాలములో అక్కడి ఖజానాదారు కాశీచెట్టి దొర నమ్మకమును అడ్డు పెట్టుకొని సర్కారు సొమ్మును స్వంతమునకు మళ్ళించుకొనెను. కాశీచెట్టి నేరము స్పష్టమే. కాని తాళపుచెవులన్నియు ఒక్కనికిచ్చి నిద్రపోయిన దొరను ఏమనవలెను?

1824 డిసెంబరు 31న వ్రాసిన దీర్ఘమైన మినిట్‌లో మన్రో ఈ విషయమునే లోతుగా చర్చించెను. కంపెనీ దొరలు సైతము జీతము చాలని కాలములో లంచములు పట్టినవారే. పెద్ద జీతములు, పెద్ద బాధ్యతలు వచ్చిన పిదపనే మారిరి. స్వల్ప జీతమిచ్చి, పై పదవులన్నియు మూసివేసి, ఈ దేశస్థులనుండి నిజాయితీ కోరుట అన్యాయమని ఆయన వాదము. పరదొరతనము పరదొరతనమే, ఆయన కంపెనీ బంటే. అయినను సేవకుని తప్పులో యజమాని వంతు ఎంతయని లెక్క తీసిన దొరలు ఆనాడు కొలదిమందియే.

ఉద్యోగము విడిచి స్వదేశము చేరవలెనని నిశ్చయించుకొన్న పిదప, దత్తమండలములను కడసారి చూచుటకు బయలుదేరెను. 1827 జులై 6న పత్తికొండలో కలరా సోకి మరణించెను. గుత్తిలో సమాధి చేసి, తరువాత అస్థులను చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకొన్న కుటుంబములు ఆ తరువాత ఎంతోకాలము వరకు ఉండెను.