వార్డు సేవ నుండి దివ్యౌషధం వరకు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మన పెద్దలందరికీ పరిచితమే. ఖైతాన్‌లో పెరుగుతున్న మన పిల్లలకు మాత్రం ఆయన జీవితంలోని ఒక ఘట్టం తప్పక చెప్పాలి.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావు గారు మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, అమెరికా చేరారు. జీవనోపాధికై బోస్టన్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు.

హార్వర్డ్‌లో పరిశోధనలు సాగించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన సారథ్యంలో, డెబ్బై ఏళ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. పెన్సిలిన్‌కు లొంగని పలు క్రిములను కూడ అణచిన ఆ ఔషధం 1948లో లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావు గారు అస్తమించారు.

కాలక్రమాన ఎన్నో క్రిములు ఆ కోవ మందులకు మొండికెత్తాయి. రోగనిరోధకశక్తి సన్నగిల్లిన వృద్ధులకు వార్డులో ముప్పు ఎక్కువ. మూత్రపు గొట్టాలు, పడకపుండ్లు క్రిములకు దారులు. కడగని చేతులు, శుభ్రపడని పాత్రలు వాటిని మంచం నుండి మంచానికి మోస్తాయి.

అంటే, సుబ్బారావు గారు యౌవనంలో చేసిన ఆ చిన్న పని కూడ ప్రాణరక్షణే. కువైట్ ఆసుపత్రులలో, ఇళ్లలో వృద్ధులకు సేవచేస్తున్న మన అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు నేడు చేస్తున్నదీ అదే. వారిని గౌరవించడమే ఆ మహనీయునికి మనమర్పించే నివాళి.