చరిత్రలో ఆడవాళ్లను వెతికిన అచ్చమాంబ

పరీక్షల ముందు మా అమ్మాయి చేత సోషల్ పాఠం అప్పజెప్పించుకుంటున్నాను. రాజులు, యుద్ధాలు, సంవత్సరాలు గడగడా చెప్పేసి, మరి అప్పుడు ఆడవాళ్లేం చేసేవారమ్మా అని అడిగింది. అవి పరీక్షలో రావు, ముందిది చదవమని కసిరాను. తర్వాత మనసొప్పలేదు. నేను ఇదే అమలాపురంలో చదువుకున్న రోజుల్లోనూ రుద్రమ, రజియా, ఝాన్సీ లక్ష్మీబాయి... వేళ్ల మీద లెక్క. ఆ ప్రశ్నకి నూట ఇరవై ఏళ్ల కిందటే జవాబు రాసిన ఇల్లాలు ఒకరున్నారు. భండారు అచ్చమాంబ గారు.

1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. ఆరేళ్లకే తండ్రి పోయారు, పదో ఏట పెళ్లి. బడి మాటే లేదు. భర్త మాధవరావు గారి ఉద్యోగం వల్ల కాపురం మధ్య పరగణాల్లో. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్క దగ్గరుండి చదువుకుంటుంటే, పక్కన కూర్చుని తనూ నేర్చుకున్నారు. తెలుగు, హిందీ, ఆపైన మరాఠీ, బెంగాలీ. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఎన్ని పేజీలు చదివి ఉంటారో కదూ!

ఆడదానికి తెలివి ఉండదనీ, చదివిస్తే చెడిపోతుందనీ అనేవాళ్లతో ఆవిడ వాదన పెట్టుకోలేదు. వెయ్యేళ్ల కాలంలోని 34 మంది భారత స్త్రీల జీవితాలు ఏరి, అబలా సచ్చరిత్ర రత్నమాల రాశారు. వీరేశలింగం గారి చింతామణి ముద్రణాలయం నుంచి 1901లో వెలువడింది. వేదకాలం, పురాణకాలం స్త్రీలతో రెండో భాగం, విదేశీ స్త్రీలతో మూడోది రాయాలన్నది ఆవిడ సంకల్పం.

1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. అదే ఏడు ధనత్రయోదశి అనే కథ రాశారు. గురజాడ దిద్దుబాటు వచ్చింది 1910లో. కథలు రాసుకునే నాకు ఈ సంగతి ఎంత ఆలస్యంగా తెలిసిందో చెప్పుకోడానికి సిగ్గేస్తుంది.

కన్న బిడ్డలిద్దరూ దక్కలేదు. 1905 జనవరి 18న బిలాస్‌పూర్‌లో ప్లేగు ఆవిడనీ తీసుకుపోయింది. రెండో భాగం సగంలో ఆగింది. మరుసటి ఏడు, 1906లో, లక్ష్మణరావు గారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో చరిత్ర పుస్తకాలు అచ్చువేయించారు. అక్క చూడలేదు.

మర్నాడు మా అమ్మాయి నోట్సు వెనక అట్ట మీద అచ్చమాంబ, 1874-1905 అని రాసుంది. పక్కనే తీసివేత చేసి, కింద పెద్ద ప్రశ్నార్థకం పెట్టింది.