మార్లవాయి బడి పెట్టించిన హైమన్‌డార్ఫ్

ఏటా జనవరి 11న మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతి జరుపుకుంటాం. భూములకు పట్టాలు ఇప్పించిన మనిషిగా పెద్దలు ఆయనను తలుస్తారు. హాస్టల్ పిల్లల మధ్య ఉండేదాన్ని కాబట్టి నాకు ఆయన పెట్టించిన బడే ముందు గుర్తుకొస్తుంది.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టారు. మానవశాస్త్రం చదివారు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన మన దేశంలో ఉన్నారు. చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు కావడంతో ఇంగ్లీషువాళ్లు ఆయనను హైదరాబాద్ సంస్థానం దాటనివ్వలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకునే పని నిజాం సర్కారు ఆయనకు అప్పగించింది. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసెలో ఉన్నారు. గోండి నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో సర్కారు కాగితం ఉర్దూలో ఉండేది. అందులో ఏముందో గోండుకు తెలిసేది కాదు. భూమి చేయి జారడానికి అదీ ఒక కారణమే. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. పిల్లలు ముందు ఇంటి మాటలో చదవడం నేర్చుకోవాలి, మిగతా భాషలు ఆ తర్వాత. నా టీచర్ ట్రైనింగ్‌లో మాతృభాషా బోధన గురించి ఎంతో చెప్పారు గానీ, మార్లవాయి పేరు ఒక్కసారీ వినలేదు.

తర్వాత ఆయన లండన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. అయినా మార్లవాయికి వస్తూనే ఉన్నారు. 1987లో బెట్టీ చనిపోతే ఆమెను అక్కడే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత ఆయన అస్థికలూ ఆమె పక్కకే చేరాయి.

బడిలోకి వచ్చిన ఆ అక్షరం రోడ్డు మీదికి మాత్రం రాలేదు. సుల్తానాబాద్‌లో బోర్డుల మీద తెలుగు, ఇంగ్లీషు ఉంటాయి, అక్కడక్కడ ఉర్దూ. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. గోండి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోనే లేదు. ఇంతా చెప్పి, మా హాస్టల్ బోర్డు మీదా గోండి లేదు. ఏ లిపిలో రాయించాలో తేల్చుకోలేక నేనే ఏళ్లు గడిపాను. గుంజాలలో దొరికిన మన సొంత లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఫోన్లో, కంప్యూటర్లో రాసుకునే వీలుంది. ఈసారి హాస్టల్ పేరు గోండిలో రెండు వరుసలు రాయిస్తున్నాను: ఒకటి గుంజాల లిపిలో, ఒకటి తెలుగు లిపిలో. గుంజాల లిపి వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పెయింటర్ చేయి పెట్టకముందే ఒకసారి వచ్చి తప్పులు చూసిపెట్టండి.