పాఠం చెప్పబోయి పట్టిక కనిపెట్టారు!

ఇంటర్‌లో ఎంపీసీనో బైపీసీనో చదివారా? అయితే ఆవర్తన పట్టికను గ్రూపులవారీగా బట్టీ పట్టే ఉంటారు. పోటీ పరీక్షల కోసం ఇప్పుడు మళ్లీ అదే పనిలో ఉన్నారేమో! కానీ ఆ పట్టిక పుట్టింది బట్టీ కోసం కాదు. పాఠాలు ఏ వరుసలో చెప్పాలో తేలక తల పట్టుకున్న ఓ మాస్టారి చేతిలో పుట్టింది. ఆయనే దిమిత్రి మెండలీవ్.

మెండలీవ్ 1834లో సైబీరియాలోని తొబోల్స్క్‌లో పుట్టారు. తండ్రి హెడ్మాస్టర్. చూపు పోవడంతో ఆయన ఉద్యోగమూ పోయింది. తల్లి మరియా గాజు ఫ్యాక్టరీ నడిపి ఇంటిని నెట్టుకొచ్చారు. 1847లో తండ్రి చనిపోయారు. మరుసటి ఏడాదే ఫ్యాక్టరీ కాలిపోయింది. అయినా చిన్న కొడుకు చదువు ఆగకూడదని ఆమె పట్టుబట్టి మాస్కో తీసుకెళ్లారు. అక్కడి యూనివర్సిటీలో సీటు దొరకలేదు. చివరికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, భర్త చదువుకున్న ఉపాధ్యాయ శిక్షణ సంస్థలోనే 1850లో చేర్పించారు. ఆ ఏడాదే కన్నుమూశారు.

చదువయ్యాక మెండలీవ్ సింఫెరోపోల్, ఒడెస్సా నగరాల్లో స్కూలు టీచరుగా పనిచేశారు. తర్వాత పరిశోధన కోసం జర్మనీలోని హైడెల్‌బర్గ్ వెళ్లారు. 1861లో తిరిగొచ్చేసరికి చేతిలో ఉద్యోగం లేదు. ఖాళీగా కూర్చోలేదు. కర్బన రసాయన శాస్త్రంపై పాఠ్యపుస్తకం రాశారు. దానికి దెమిదోవ్ బహుమతి వచ్చింది.

1867లో సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో జనరల్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యారు. క్లాసుకు తగ్గ రష్యన్ పుస్తకం దొరక్కపోవడంతో తానే రాయడం మొదలుపెట్టారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. అప్పటికి తెలిసిన మూలకాలు 63. మొదటి భాగంలో వివరంగా చెప్పింది ఎనిమిదింటి గురించే. మిగతా 55 మూలకాలను రెండో భాగంలో ఇరికించడం ఎలా? ఒక్కోదాన్ని విడిగా చెబితే పుస్తకం తెమలదు. అందుకే హాలోజన్ల పక్కన క్షార లోహాలను పెట్టి, పరమాణు భారాలు పోల్చి చూశారు. ధర్మాలు ఒక క్రమంలో మళ్లీ మళ్లీ వస్తున్నాయని తేలింది. అలా 1869లో పట్టిక తయారైంది.

సరిపోని చోట్ల ఆయన ఖాళీలు వదిలేశారు. అక్కడ రావాల్సిన మూలకాల ధర్మాలు ముందే లెక్కగట్టారు. 1875లో ఫ్రాన్స్‌లో గాలియం దొరికింది. కనుగొన్న శాస్త్రవేత్త సాంద్రత 4.7 అన్నారు. ఆ లోహాన్ని చూడనైనా చూడని మెండలీవ్, అది 5.9 దాకా ఉండాలని చెప్పారు. మళ్లీ కొలిస్తే 5.9 వచ్చింది! 1879లో స్కాండియం, 1886లో జర్మేనియం కూడా ఆయన లెక్కకు దగ్గరగానే తేలాయి.

మెండలీవ్ 1907లో మరణించారు. నోబెల్ రాలేదు. 101వ మూలకానికి మాత్రం మెండలీవియం అని ఆయన పేరే పెట్టారు.

ఈసారి పట్టిక తెరిచినప్పుడు ఓ చిన్న పని చేయండి. ఒక గ్రూపు తీసుకుని, మధ్యలో ఒక మూలకాన్ని చేత్తో మూసేయండి. పైదీ కిందదీ చూసి, మూసిన దాని ధర్మాలు కాగితం మీద రాయండి. తర్వాత పుస్తకంతో సరిచూసుకోండి. మీ జూనియర్‌కి అదే పాఠం చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో, అక్కడే మీరు మళ్లీ చదవాల్సింది ఉంది.