వెర్నర్ ఫాన్ బ్రౌన్

బ్రౌన్ అనగానే తెలుగు విద్యార్థికి నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ స్ఫురించడం సహజం. ఈ బ్రౌన్ వేరు. ఇతడు జర్మన్ దేశీయుడు. మానవుణ్ణి చంద్రుని వద్దకు చేర్చిన శాటర్న్-5 రాకెట్టు నిర్మాణానికి సారథ్యం వహించినవాడు.

వెర్నర్ ఫాన్ బ్రౌన్ 1912 మార్చి 23న, నేడు పోలండులో ఉన్న విర్జిట్స్ పట్టణంలో ఒక ఉన్నత కుటుంబంలో జన్మించాడు. తల్లి కానుకగా ఇచ్చిన దూరదర్శిని అతని చూపును ఆకాశంవైపు మళ్ళించింది. హెర్మన్ ఓబెర్త్ రచించిన రాకెట్టు గ్రంథాన్ని తెప్పించుకొని చూస్తే, అందులోని గణితం కొరుకుడు పడలేదు. దానికోసమే పట్టుదలతో గణితాన్ని వశపరచుకొన్నాడు.

రాకెట్టు ప్రయోగాలకు ధనం కావాలి. అది సైన్యం వద్ద ఉన్నది. 1932లో బ్రౌన్ జర్మన్ సైన్యం కొలువులో చేరాడు. అనంతరం నాజీ పార్టీలోను, 1940లో ఎస్.ఎస్. దళంలోను సభ్యుడయ్యాడు. బాల్టిక్ తీరాన పీనెముండెలో అతని బృందం రూపొందించిన రాకెట్టు 1942 అక్టోబరు 3న జయప్రదంగా ఎగిరింది. వి-2 అనే పేరుతో అదే 1944 సెప్టెంబరు నుండి లండన్, ఆంట్వెర్ప్ నగరాలపై మృత్యువై కురిసింది.

ఆ రాకెట్లు తయారైన చోటును విస్మరించరాదు. నార్డ్‌హౌసెన్ సమీపంలోని కొండ సొరంగాలలో, డోరా నిర్బంధ శిబిరపు ఖైదీలు వాటిని నిర్మించారు. ఆ శిబిరానికి తరలించిన సుమారు 60,000 మందిలో దాదాపు 20,000 మంది ఆకలితో, రోగాలతో, హింసతో మరణించారు. వి-2 దాడులలో చనిపోయినవారు ఇంతమంది లేరు. బ్రౌన్ ఆ సొరంగాలకు పలుమార్లు వెళ్ళాడు. అక్కడి దురవస్థ అతడు ఎరుగనిది కాదు.

1945 మే 2న, ఆంగ్లం తెలిసిన తమ్ముడు మాగ్నస్‌ను సైకిలుపై ముందుగా పంపి, బ్రౌన్ బృందం ఆల్ప్స్ పర్వతప్రాంతంలో అమెరికా సైన్యానికి లొంగిపోయింది. నిన్నటి శత్రువుల విద్య విజేతలందరికీ కావలసివచ్చింది. సోవియట్ ప్రభుత్వం 1946 అక్టోబరులో హెల్ముట్ గ్రోట్రుప్ మొదలైనవారిని కుటుంబాలతో సహా రైళ్ళలో తరలించుకుపోయింది. ఫ్రాన్సు, బ్రిటన్‌లూ వెనుకబడలేదు. అమెరికా పథకం పేరు పేపర్‌క్లిప్. నాజీ పార్టీలో చురుకుగా పనిచేసినవారిని తీసుకోరాదన్న నిబంధనతోనే అధ్యక్షుడు ట్రూమన్ దానిని ఆమోదించాడు. కాని అధికారులు దస్త్రాలను తిరగరాశారు. బ్రౌన్‌ను గూర్చిన నివేదికలోని కఠినమైన మాటలు మలి ప్రతిలో మెత్తబడ్డాయి. అవసరం ముందు నిబంధన ఓడిపోయింది.

టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్‌లో కొన్నేళ్ళు గడిపి, 1950లో హంట్స్‌విల్ చేరిన బ్రౌన్‌కు 1955లో అమెరికా పౌరసత్వం లభించింది. 1958 జనవరి 31న అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1ను అతని బృందపు రాకెట్టే మోసుకుపోయింది. 1969 జూలై 16న, 363 అడుగుల ఎత్తున్న శాటర్న్-5 ముగ్గురు వ్యోమగాములతో పైకి లేచింది.

బ్రౌన్ 1977 జూన్ 16న మరణించాడు. సొరంగాల విషయమై అతనిపై ఏ న్యాయస్థానంలోనూ అభియోగం నడవలేదు. అతని సహచరుడు, శాటర్న్-5 నిర్మాణంలో ప్రముఖుడు అయిన ఆర్థర్ రుడాల్ఫ్‌ను మాత్రం అమెరికా అధికారులు డోరా ఖైదీల విషయమై ప్రశ్నించారు. అతడు 1984లో పౌరసత్వాన్ని వదులుకొని జర్మనీకి తిరిగి వెళ్ళిపోయాడు.