అప్పు తీర్చిన దుకాణదారు: అబ్రహాం లింకన్

బానిసల విముక్తి ప్రకటించిన అమెరికా అధ్యక్షుడు లింకన్ పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. కాని ఆయన ఒకప్పుడు చిన్న వూళ్ళో కొట్టు పెట్టి చితికిపోయిన సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ సంగతే మేమిక్కడ చెప్పదలచాం.

1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో, కర్రదుంగల గుడిసెలో లింకన్ పుట్టారు. తొమ్మిదో యేట తల్లి పోయింది. బడి చదువు అంతా కలిపినా ఏడాది వుండదు. 1831లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూసేలం అనే కుగ్రామం చేరి ఒక దుకాణంలో గుమాస్తాగా కుదిరారు. మరుసటి ఏడు శాసనసభకు నిలబడి ఓడిపోయారు. అయినా ఆ వూళ్ళో పడ్డ 300 ఓట్లలో 277 ఆయనవే.

తర్వాత విలియం బెర్రీ అనే స్నేహితునితో పొత్తు కలిసి, నోట్లు వ్రాసిచ్చి ఒక కొట్టు తీసుకున్నారు. బేరాలు సాగలేదు, కొట్టు మూతపడింది. పోస్టుమాస్టరు పని, పొలాల సర్వే పని చేసి పొట్ట పోసుకున్నారు. 1834లో మళ్ళీ నిలబడి గెలిచారు. సభకు వెళ్ళడానికి మంచి బట్టలు కూడా లేక ఒక పరిచయస్తుని దగ్గర 200 డాలర్లు చేబదులు తీసుకున్నారు. అప్పులవాడొకడు కోర్టుకెక్కితే గుర్రం, సర్వే సామాను వేలానికి వచ్చాయి. జేమ్స్ షార్ట్ అనే రైతు వాటిని పాడుకుని మళ్ళీ ఆయనకే యిచ్చేశాడు. నలుగురిలో నమ్మకం వుంటే కష్టకాలంలో యిలాగే అక్కరకొస్తుంది.

1835 జనవరిలో బెర్రీ చనిపోయాడు. అతని వాటా కూడా లింకన్ నెత్తిన పడింది. మొత్తం సుమారు 1,100 డాలర్లు. ఆ ప్రాంతంలో అప్పులపాలైనవారు చెప్పకుండా వూరు వదిలిపోవడం మామూలే. లింకన్ పోలేదు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా చెల్లించి ఋణం తీర్చుకున్నారు. జనం ఆయనను నిజాయితీపరుడన్నారు.

వరుసగా నాలుగు సార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. 1837లో బానిసత్వం అన్యాయమని సభలో లిఖితపూర్వకంగా తెలిపినవారు యిద్దరే. అందులో ఒకరు లింకన్. 1861లో అధ్యక్షుడై, 1863లో విముక్తి ప్రకటన చేసి, 1865 ఏప్రిల్ 15న హంతకుని గుండు దెబ్బకు కన్నుమూశారు.

మన షరియత్‌లో చనిపోయినవారి ఆస్తి పంచుకునే ముందే కర్జ్ తీర్చాలి. బ్రతికున్నవారికి యింకెంత బాధ్యత! పెళ్ళికనీ, వ్యాపారానికనీ చేబదులు తెచ్చి, యిచ్చినవారు ఎదురైతే వీధి మార్చేవారు మనలోనూ వున్నారు. పది రూపాయలైనా సరే, మాట ప్రకారం తిరిగి చెల్లిస్తే యింకొక అవసరంలో వున్నవారికి తలుపు తెరిచినట్టే. ఈ మాట మన పిల్లలకు చెబుదాం. ముందు మనం చేసి చూపిద్దాం.